శీనుకి, కిటికీ రెక్కల గురించి

విజయవాడ, సింగ్ నగర్

ఒరేయ్ శీనూ,

గోడలు లింటెల్ దాకా లేచాయని చెప్పావు చూడు, అప్పటి నుంచి నా మనసంతా మీ గుంటూరు ఇంటి మీదే ఉంది. "స్లైడింగా, రెక్కలా?" అని ఒక్క ముక్క అడిగి ఫోన్ పెట్టేశావు. ఒక్క ముక్కలో తేలేది కాదురా, అందుకే కూర్చుని రాస్తున్నా.

హాలుకీ పడగ్గదులకీ రెక్కల కిటికీలే పెట్టించు. రెండు తలుపుల స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా తెరుచుకునేది సగమే. మే నెల సాయంత్రం, పగలంతా కాలిన గోడలు లోపలికి సెగ కొడుతుంటే ఆ సగం ఏం సరిపోతుంది? రెక్కలైతే బార్లా తెరుచుకుంటాయి. మూస్తే చుట్టూ ఉన్న రబ్బరుకి గట్టిగా ఒత్తుకుని జల్లుని ఆపుతాయి. మా పై వాటాలో స్లైడింగ్ ట్రాకులో దుమ్ము చేరి, నీళ్ళు పోయే రంధ్రాలు పూడుకుపోయాయి. ముసురు పట్టిందంటే మంచం జరుపుకోవాల్సిందే.

రెక్క తిరిగే మడత బందులు ఏ వైపు వేస్తున్నారో నువ్వే దగ్గరుండి చూసుకో. మీ పడమటి సందులో సాయంత్రం గాలి దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుందన్నావు కదా. అక్కడ ఒంటి రెక్క కిటికీకి బందులు ఉత్తరం వైపు ఉండాలి. అప్పుడు తెరిచిన రెక్క చేట పట్టినట్టు గాలిని పట్టి గదిలోకి మళ్ళిస్తుంది. దక్షిణం వైపు వేశారో, అదే రెక్క గాలికి అడ్డం నిలబడుతుంది.

అద్దం రెక్క బయటికి, మధ్యలో గ్రిల్, దోమల మెష్ రెక్క లోపలికి. వంటింటి వెనక సందు మాత్రం మూడడుగులే కదా, అక్కడ రెక్క పెడితే నడిచేవాళ్ళ తలకి కొట్టుకుంటుంది. అక్కడ స్లైడింగే మంచిది.

అసలు ఈ ఉత్తరం రాస్తున్నది బాత్రూం తలుపు కోసం. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు మా ఇంట్లోకి వచ్చాయి కదా, ఫ్లష్ డోర్లన్నీ నీళ్ళు తాగి ఉబ్బిపోయాయి. చిత్రిక పట్టించి అవే వాడుకున్నాం. ఓ నెల తర్వాత అమ్మ బాత్రూంలో జారిపడింది. లోపలికి తెరుచుకునే తలుపు, దానికి ఆనుకుని అమ్మ. గట్టిగా తోస్తే ఆమెకే తగులుతుంది. బందులూ లోపలి వైపే, ఊడదీద్దామన్నా అందవు. చివరికి పక్కింటాయన తలుపు పై భాగం కోసి లోపలికి దిగాడు. అమ్మ ఇప్పుడు బాగానే ఉంది. కానీ బయట నిలబడి ఆమె మూలుగు విన్న ఆ పావుగంట నన్ను వదలడం లేదు. మీ ఇంట్లోనూ అమ్మకి మోకాళ్ళ నొప్పులు. బాత్రూం తలుపు బయటికే తెరుచుకోవాలి. నీళ్ళు బయట కారతాయని మేస్త్రి అంటే గడప కాస్త ఎత్తు పెట్టమను. తలుపు కూడా యూపీవీసీదే, అంటే గట్టి ప్లాస్టిక్‌దే తీసుకో, నీళ్ళకి ఉబ్బదు.

సింహద్వారానికి టేకు అన్నావు, చాలా సంతోషం. బరువు తలుపు కాబట్టి మూడు బందులతో సరిపెట్టొద్దు, స్టెయిన్‌లెస్ స్టీలువి నాలుగు వేయించు. స్క్రూలు బిగించేటప్పుడు పక్కనే నిలబడు. తొందరలో ఉన్నవాళ్ళు వాటిని మేకుల్లా సుత్తితో దిగగొట్టేస్తారు. చెక్క లోపల నలిగిపోయి, ఏడాది తిరిగేసరికి తలుపు వాలి నేలకి రాసుకుంటుంది. డ్రిల్లుతో సన్నగా రంధ్రం వేసి, స్క్రూకి కాస్త సబ్బు రాసి, తిప్పుతూ ఎక్కించమను.

శనివారం పొద్దున్నే బస్సెక్కి వస్తా. నేను వచ్చేదాకా ద్వారబంధాలకి బందుల గాడి కొట్టనివ్వకు.

నీ
రాంబాబు