తిరిగే ప్లేటు మీద బంగారక్క

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా. "ఏమైపోయావ్, ఫోన్ ఎత్తవేంటి" అని నువ్వు పెట్టిన మెసేజ్‌లన్నీ చూశాను, చూసి కూడా జవాబివ్వలేదు, ఎందుకంటే ఇది బొటనవేలితో నాలుగు ముక్కలు టైప్ చేసి పంపే విషయం కాదు, తీరిగ్గా కూర్చుని రాయాలని ఆగాను. విషయం ఏంటంటే, రెండు నెలల నుంచి నేను రికార్డు ప్లేయర్ మీద బొమ్మలాడిస్తున్నా. నవ్వు, పర్లేదు, ఇక్కడ మా ఆవిడ ఆల్రెడీ నవ్వేసింది.

అసలు దీనికి మొదలు నువ్వేరా. మీ చిన్నాన్న మైక్ సెట్ గుర్తుందా, పెళ్ళిళ్ళకి మనిద్దరం బాక్సులు మోసుకుంటూ వెళ్ళేవాళ్ళం, ఆయన భోజనానికి లేవగానే తిరుగుతున్న రికార్డు ప్లేటు మీద నువ్వు చింతపిక్కలు పెట్టేవాడివి. అంచు దగ్గర పెట్టిన పిక్క పెట్టగానే ఎగిరిపోయేది, లోపల లేబుల్ దగ్గర పెట్టింది మాత్రం పెద్దమనిషిలా కూర్చుని తిరిగేది. తర్వాత అగ్గిపెట్టె నిలబెట్టి, అట్ట మనిషిని చేసి దాని మీద కూర్చోబెట్టావు, వాడు కాస్తా పడి సూది కిందకి పోయి నాదస్వరం ప్లేటు మీద ఈ చివర నుంచి ఆ చివరకి గీత. ఆ రోజు వీపు విమానం మోత మోగింది నాది, చేసింది నువ్వు. ఈ లెక్క ఇంకా తేల్లేదు, గుర్తుపెట్టుకో.

సరే, మొన్న ఒక ఆదివారం ఎర్రగడ్డ సంతకి ఊరికే వెళ్ళా, అక్కడ పాత స్విచ్చులు, మిక్సీ జార్లు పోసి అమ్ముతున్న ఒకాయన దగ్గర నాలుగు స్పీడుల రికార్డు ప్లేయర్ కనబడింది, నిమిషానికి 16, 33, 45, 78 చుట్లు, అన్నీ ఉన్నాయి. పద్దెనిమిది వందలకి బేరం తెగింది. ఇంటికి తెచ్చి చూస్తే మోటారు బాగానే ఉంది కానీ మోటారు ఇరుసుకీ ప్లేటు అంచుకీ మధ్యన ఉండే రబ్బరు చక్రం రాయిలా గట్టిపడిపోయింది, దానికి ఉప్పుకాయితం రుద్ది నానా తంటాలు పడి తిప్పించా. పాటలు విందామనే తెచ్చానురా, ఒట్టు. కానీ ప్లేటు తిరగడం చూడగానే చెయ్యి ఊరుకోలేదు, అగ్గిపెట్టె తెచ్చి పెట్టా.

అక్కడి నుంచి చదవడం మొదలుపెట్టా. ఈ పిచ్చి మనిద్దరిదే అనుకున్నా, కాదు. అమెరికాలో 1910ల నాటికే గ్రామఫోను మీద పెట్టి ఆడించుకునే బొమ్మలు అమ్మేవాళ్ళట. వాళ్ళ ఆలోచన చాలా సింపుల్: ఇంట్లో స్ప్రింగు మోటారు ఉన్న వస్తువు ఒకటి ఉండనే ఉంది, పాట కోసం ఎలాగూ కీ ఇస్తారు, ప్లేటు ఎలాగూ తిరుగుతుంది, ఆ తిరగడం కాస్త అప్పు తీసుకుంటే బొమ్మకి వేరే కీ అక్కర్లేదు, కొత్త మోటారు ఖర్చూ లేదు. మధ్యలో ప్లేటు చిల్లులోంచి పైకొచ్చే కదురు ఉంటుంది చూడు, దాని మీద బిగిస్తారు, ప్లేటు తిరుగుతుంటే బొమ్మ కాళ్ళ కిందున్న పలక టకటకా కొట్టుకుంటుంది, బొమ్మకి మోకాళ్ళు తొడలు కీళ్ళ దగ్గర వదులుగా ఉంటాయి కాబట్టి ఆ దెబ్బకి కాళ్ళు వాటంతట అవే ఎగురుతాయి. ఇద్దరు బాక్సింగ్ చేసుకునే బొమ్మలు కూడా ఉండేవి, సయాం సూ అని తలా నడుమూ ఊపే నాట్యగత్తె బొమ్మ ఒకటి. అన్నిట్లోకీ పేరున్నది రాగ్‌టైమ్ రాస్టస్ అనే బొమ్మ, కానీ దాని ఫొటో చూస్తే నాకు మనసు చివుక్కుమందిరా, నల్లవాళ్ళని వెక్కిరిస్తూ చేసింది అది, ఆ పేరు కూడా వాళ్ళని ఎగతాళి చేసేవాళ్ళు పెట్టిందే. పనితనం చూస్తే భలే, మొహం చూస్తే చిరాకు. యంత్రం తీసుకుని మొహం వదిలేద్దాం అని అప్పుడే అనుకున్నా.

ఇంకోటి తెలుసా, అసలు ప్లేటు అనేదే మొదట్లో ఆటబొమ్మగా అమ్ముడుపోయింది. బెర్లినర్ అని గ్రామఫోను కనిపెట్టినాయన, 1889 ప్రాంతంలో జర్మనీలో కామర్ అండ్ రైన్‌హార్ట్ అనే బొమ్మల కంపెనీ చేత చేతితో తిప్పే చిన్న గ్రామఫోన్లు చేయించి అమ్మించాడు, ఐదంగుళాల బుల్లి ప్లేట్లు. అంటే బొమ్మ ప్లేటెక్కడం తర్వాత సంగతి, ముందు ప్లేటే బొమ్మ. ఎడిసన్‌దైతే పూర్తిగా తిరగేసిన కథ, 1890లో బొమ్మ కడుపులోనే ఫోనోగ్రాఫు పెట్టి అమ్మాడు, పిల్ల వీపు వెనకాల పిడి తిప్పితే పద్యం చెబుతుందన్నమాట, బట్టల్లేకుండా పది డాలర్లు. లోపల మైనం రికార్డు తొందరగా అరిగిపోయేది, గొంతు విని పిల్లలు జడుసుకున్నారట, కొద్ది వారాల్లోనే అమ్మకం ఆపేశారు. నాకైతే ఆ మార్గం తప్పనిపించింది, బొమ్మ మాట్లాడక్కర్లేదురా, పక్కన పాట ఉండగా ఊరికే ఆడితే చాలు.

ఇక నా తంటాలు విను. మొదట ఏటికొప్పాక నుంచి ఎప్పుడో తెచ్చిన లక్క బొమ్మ ఒకటుంటే దాన్నే ఎక్కించా. అంకుడు కర్ర తేలికే కానీ ఈ ముసలి మోటారుకి అదీ బరువే, రబ్బరు చక్రం జారిపోయి నాదస్వరం కాస్తా మూలుగులోకి దిగిపోయింది. కీ ఇచ్చే పాత గ్రామఫోన్లో అయితే లోపల గవర్నర్ ఉంటుంది, మూడు చిన్న గుండ్లు తిరుగుతూ వేగం పెరిగితే బయటికి తెరుచుకుని బ్రేకు పడేలా చేస్తాయి, తగ్గితే ముడుచుకుని వదులుతాయి, అంచేత స్ప్రింగులో బలం ఉన్నంతసేపూ కొంచెం బరువు పెట్టినా స్పీడు నిలబడుతుంది. నా దాంట్లో అదేం లేదు, రబ్బరు పట్టు ఎంతో అంతే. కాబట్టి బొమ్మ గాలిలా తేలిగ్గా ఉండాలి.

అప్పుడు తోలుబొమ్మలు గుర్తొచ్చాయి. కీళ్ళ దగ్గర దారం ముడితో వదులుగా వేలాడే కాళ్ళూ చేతులూ అనగానే మనకి ఇంకేం గుర్తొస్తుంది చెప్పు? పైగా తోలుబొమ్మలాట వాళ్ళు కూడా కాళ్ళ కింద చెక్క పెట్టుకుని దెబ్బకి దెబ్బ తొక్కుతారు, యుద్ధం వచ్చిందంటే తెర వెనక ధనాధన్. అమెరికాలో పలక, మన దగ్గర చెక్క, దెబ్బ మాత్రం కాళ్ళ కిందే. కాబట్టి రాస్టస్ పోయి, తోలుబొమ్మలాటలో నవ్వించే బంగారక్క వచ్చింది! ఆవిడ పక్కన ఆవిడ జోడీ జుట్టుపోలిగాడు. నిజం తోలు కాదులే, తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట వాళ్ళలా మేకతోలు గీకి రంగులేసే ఓపికా విద్యా నాకెక్కడివి, పాత పెళ్ళికార్డుల అట్ట కత్తిరించి, పిల్లల స్కెచ్‌పెన్నులతో రంగులేసి, కీళ్ళకి మైనం పూసిన దారం ముడేశా. బంగారక్క చీరకి అంచు ఎవరి పెళ్ళికార్డుదో తెలుసా, నీదే, లోపలి బంగారు గీత ఇంకా మెరుస్తోంది.

యంత్రం ఇలా చేశా. కదురు మీద బెండు బిళ్ళ ఒకటి, దాని మీద గుండుసూదుల తలల్లా పైకి పొడుచుకొచ్చిన చిన్న పుల్లలు. పక్కన స్టాండు నుంచి సన్నటి చెక్క బద్ద ఒకటి వాటి మీదకి వాలి ఉంటుంది. పుల్ల వచ్చి బద్దని ఎత్తుతుంది, దాటిపోగానే బద్ద టక్కున పడుతుంది, ఆ బద్ద మీదే మన అక్కగారి పాదాలు. సమస్య జాగా దగ్గర వచ్చింది, ఎల్పీ, అంటే పెద్ద ప్లేటు, మధ్యలో లేబుల్ అడ్డంగా పది సెంటీమీటర్లే, ఈ హంగామా అంతా అందులోనే ఇమడాలి, లేకపోతే పాట చివరికొచ్చేసరికి సూది ఉన్న చెయ్యి వచ్చి పోలిగాణ్ణి డొక్కలో పొడుస్తుంది. పొడిచింది కూడా, రెండుసార్లు. చెయ్యి కుడి నుంచి వస్తుంది కాబట్టి స్టాండుని ఎడమ పక్కకి మార్చా. ఇంకో తలనొప్పి, స్టాండు ప్లేయర్ డబ్బా మీదే పెడితే ప్రతి టక్కూ సూదిలోంచి స్పీకర్లోకి ఎక్కి ఎవరో తలుపు కొడుతున్నట్టు వినబడేది, మా ఆవిడ నిజంగానే వెళ్ళి తలుపు తీసింది, తర్వాత నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు. స్టాండుని వేరే స్టూలు మీదకి మార్చాక ఆ గోల పోయింది.

ఇప్పుడు అసలు మజా ఎక్కడొచ్చిందో విను, దీని కోసమే ఈ ఉత్తరం. 78 స్పీడులో నాలుగు పుల్లలు పెడితే నిమిషానికి 312 దెబ్బలు, బంగారక్క ఆడుతున్నట్టు ఉండదు, కరెంటు షాకు కొట్టినట్టు ఉంటుంది. 33⅓ లో మూడు పుల్లలు పెట్టా, గుణించి చూడు, సరిగ్గా నిమిషానికి వంద! తకిట తకిట అని ఎంత హాయిగా అడుగులేసిందనుకున్నావ్. తర్వాత ఆశ పెరిగి బిళ్ళని ఏడు భాగాలు చేసి, మొదటిదీ నాలుగోదీ ఆరోదీ కొంచెం ఎత్తు పుల్లలు పెట్టా, ఏడు దెబ్బల మిశ్రచాపు తాళం అన్నమాట, తకిట తకధిమి. ఎత్తు పుల్ల వచ్చినప్పుడల్లా అక్క ఎగురుతుంది, పొట్టివాటికి ఊరికే పాదం కదుపుతుంది.

కానీ ఒక నిజం చెప్పాలి, బొమ్మ పాటకి ఆడట్లేదురా. దానికి పాట వినబడదు కదా, అది ప్లేటుకి ఆడుతోంది, పైన నాదస్వరం ఎనిమిది దెబ్బల ఆదితాళంలో పోతున్నా కింద అక్క ఏడేసి అడుగులే వేస్తుంది. అయినా ఎవరొచ్చి చూసినా "అబ్బ, పాటకి తగ్గట్టు భలే ఆడుతోందే" అనే అంటారు, ఒక్కరు కూడా తప్పు పట్టలేదు. నేను కూడా, అంతా తెలిసి నా చేత్తో పుల్లలు గుచ్చినవాణ్ణి, రెండు నిమిషాలు చూశాక అది పాట వింటోందనే అనిపిస్తుంది. ఇంకా తమాషా, రబ్బరు జారి పాట నీరసించినప్పుడు బొమ్మ కూడా అంతే నీరసిస్తుంది, రెండూ ఒకే ఇరుసు మీద ఉన్నాయి కాబట్టి, ఇద్దరూ కలిసి కల్లు తాగినట్టు సాగదీస్తారు. బ్యాటరీ పెట్టి విడిగా ఆడించి ఉంటే ఈ అందం వచ్చేది కాదు. ఈ మధ్య పిల్లల బొమ్మల్లో చిప్పు పాట విని తలాడిస్తుంది, కొని చూశా, నాకెందుకో అది ఆఫీసులో మనలా డ్యూటీ చేస్తున్నట్టుంది.

పక్కింటి బుడ్డోడు మొన్న వచ్చాడు, నాలుగేళ్ళుంటాయి, బంగారక్కని ఒక్క క్షణం చూసి, జేబులోంచి తన బుల్లి కారు తీసి ప్లేటు అంచు మీద పెట్టాడు, అది రయ్యిన ఎగిరి సోఫా కిందకి పోయింది, వాడు విరగబడి నవ్వాడు. అచ్చం నువ్వే. నేను మాత్రం మీ చిన్నాన్నలా వీపు మీద వెయ్యలేదు.

ఇక నీతో పని. 1956లో అమెరికాలో రెడ్ రావెన్ అని పిల్లల ప్లేట్లు వచ్చాయి, లేబుల్ చుట్టూ 16 బొమ్మలుంటాయి, కదురు మీద 16 అద్దాలున్న గోపురం లాంటిది పెట్టి 78 లో తిప్పితే అద్దంలో బొమ్మ సినిమాలా కదులుతుంది. లెక్క చూడు, సెకనుకి 1.3 చుట్లు, ఇంటూ 16 అంటే 20.8 బొమ్మలు, సినిమాలో సెకనుకి 24, దానికి కొంచెమే తక్కువ, అదే 33⅓ లో పెడితే తొమ్మిది కూడా రావు, కుంటుతుంది. ఈ అద్దాల ఉపాయం ఫ్రాన్సులో ఎమిల్ రేనో అనే ఆయనది, 1877 నాటిది. అద్దంలో ప్రతిబింబం, ముందు ఎంత దూరమో వెనక అంత దూరంలో కనబడుతుంది కదా, అద్దాన్ని బొమ్మకీ ఇరుసుకీ సరిగ్గా మధ్యలో పెడితే ప్రతిబింబం ఇరుసు మీదే ఉంటుంది, చుట్టూ అంతా తిరుగుతున్నా ఇరుసు జరగదు, అందుకే బొమ్మ అలుక్కుపోకుండా నిలబడి కనబడుతుంది. ఎంత తెలివిరా! ఎడిసన్ ఫోనోగ్రాఫూ అదే 1877, ఆ రెండూ ఒక ప్లేటు మీద కలవడానికి దగ్గర దగ్గర ఎనభై ఏళ్ళు పట్టింది. పాపం రేనో, సినిమా వచ్చి తన ఆట మూలపడ్డాక, తన యంత్రాన్ని పగలగొట్టి, గీసిన బొమ్మల పట్టీల్లో చాలావాటిని సెన్ నదిలో పారేశాడు. ఆ ముక్క చదివి ఆ పూట బెండు బిళ్ళ ముట్టుకోలేదు నేను.

నేనూ చేసి చూశా. అద్దాల షాపాయన్ని అంగుళం వెడల్పు అద్దం ముక్కలు పదహారు కొయ్యమంటే "ఏం సార్, పూజకా" అన్నాడు, సగం ముక్కలు పగిలాయి. అద్దం స్టిక్కర్లు అట్టకి అంటించా, అవి వంపు తిరిగి బంగారక్కకి రెండు తలలొచ్చాయి. కాబట్టి నువ్వు ఆ న్యూజెర్సీలో శనివారాలు గ్యారేజ్ సేల్స్ తిరుగుతావు కదా, పనికిరాని సామాను ఇంటినిండా నింపుతున్నావని మీ ఆవిడ మా ఆవిడకి చెప్పింది, ఎలాగూ తిరుగుతున్నావు కాబట్టి ఆ అద్దాల గోపురం ఎక్కడైనా కనబడితే పట్టు. ప్లేట్లు అక్కర్లేదు, గోపురం చాలు, 16 బంగారక్కల్ని నేను గీసి రెడీగా పెట్టా. అద్దాలు మసకబారినా పర్లేదు కానీ ఒక్కటి కూడా ఊడి ఉండకూడదు, ఊడితే చుట్టుకొకసారి మెరిసి కంట్లో పొడుస్తుంది. సంక్రాంతికి వస్తున్నావు కదా, చేతిసంచిలో పెట్టుకుని రా, సూట్‌కేసులో వద్దు.

అన్నట్టు నా రబ్బరు చక్రం ఇక ఆఖరి రోజుల్లో ఉంది. బయటి అంచు కొలిచి అడుగున బొమ్మ గీశాను, దానికి సరిపోయేది దొరికితే అదీ తీసుకో. డబ్బులు అడగకు, ఆ రోజు నాదస్వరం ప్లేటు దెబ్బలకి చెల్లు.

నీ
గోపీ గాడు

(వీడియో తీసి పంపుదామనుకున్నా, ఫోన్లో చూస్తే బంగారక్క ఊరికే వణుకుతున్నట్టు వస్తోంది. వచ్చాక ఎదురుగా చూద్దువుగాని.)