ఒక పంపు వాళ్ల పేరున రాయి

రాయగడ

ఒరే బావా,

నీ ఉత్తరం చేరింది. జులైలో మీ మెయింటెనెన్సులోకి ఎనిమిదిమంది కొత్త ఇంజినీర్లు వస్తున్నారని, అంతా పార్వతీపురం, బొబ్బిలి, గుణుపూర్ వైపు పిల్లలేనని రాశావు. వచ్చినవాళ్లు ఏడాది తిరిగేసరికి బ్యాంకు పరీక్షలకో సాఫ్ట్‌వేర్‌కో పోతున్నారు, ఏం చెయ్యనని అడిగావు.

జీతం సంగతి తర్వాత. ముందు వాళ్లచేత మొదటి మూడు నెలలు ఏం చేయిస్తున్నారో చూడు. స్పేర్ల లిస్టులు టైపు చేయడం, ఎక్సెల్ షీట్లు నింపడం. నాలుగేళ్లు పంపు కర్వులు గీసినవాడికి చేత్తో వాల్వు తిప్పే రోజే రాకపోతే, ఈ చదువుకీ ఈ పనికీ సంబంధం లేదని తేల్చేసుకుంటాడు. మర్నాటి నుంచీ వాడి చేతిలో బ్యాంకు గైడే.

మొదటి రెండు వారాలూ సేఫ్టీ. పర్మిట్ (పని మొదలెట్టే ముందు అనుమతి కాగితం) రాయడం, లాకౌట్ పెట్టడం, అంటే పని జరుగుతుండగా ఎవరూ మెషిను ఆన్ చెయ్యకుండా స్విచ్చికి తాళం వెయ్యడం. ఒక్కొక్కరికీ సొంత తాళం ఇయ్యి, తాళంచెవి వాళ్ల జేబులోనే ఉండాలి. మూడో వారం నుంచి ఒక్కో ఫిట్టరుకి ఒక్కరిని జతచెయ్యి. ఫిట్టర్ని ‘భాయినా’ (ఒడియాలో అన్నయ్యా) అని పిలవమని మొదటిరోజే చెప్పు. మనవాళ్లందర్నీ ఒకే షిఫ్టులో వెయ్యకు, ఒడియా ఒక్క ముక్క రాకుండా ఉండిపోతారు. అమ్మాయిలకి నైట్ షిఫ్టు పడితే గుమ్మం దాకా బండి నువ్వే చూడాలి.

మూడో నెలలో ఒక్కొక్కరి పేరునా ఒక పంపు రాసిచ్చెయ్యి. స్టాండ్‌బై, అంటే బదులుగా నడిపే రెండో పంపు, ఉన్నదైతే మేలు, పొరపాటు జరిగినా లైను ఆగదు. పని ఎలైన్‌మెంటుతో, అంటే మోటారు షాఫ్టునీ పంపు షాఫ్టునీ ఒకే గీతలోకి తేవడంతో, మొదలెట్టించు. ముందు సాఫ్ట్ ఫుట్, అంటే మోటారు కాలు బేసు మీద సరిగ్గా ఆనకపోవడం, ఉందేమో చూడాలి. మోటారు కాళ్ల బోల్టులు నాలుగూ బిగించి, ఒక్కోటే వదులు చేస్తూ డయల్ గేజి (సన్నటి కదలికని ముల్లుతో చూపేది) గమనించాలి. ముల్లు 0.05 మిల్లీమీటర్లు దాటి కదిలితే ఆ కాలి కింద షిమ్ము (పలచటి రేకు ముక్క) పడాలి. ఇది వదిలేసి నేరుగా రెండు షాఫ్టుల్నీ కలిపే కప్లింగు దగ్గరికి పోతారు చూడు, అక్కడే చెడుతుంది. ఎంత సరిచేసినా బోల్టు బిగించగానే రీడింగు మారిపోతుంది, కుర్రాడు తనకే పని రాదనుకుని కుంగిపోతాడు. సన్న షిమ్ములు ఆరేడు పేర్చనివ్వకు, స్ప్రింగులా అణుగుతాయి. మూడు నాలుగుకి మించొద్దు. నిమిషానికి 1,480 చుట్లు తిరిగే మోటారుకి ఆఫ్‌సెట్ (రెండు షాఫ్టుల గీతల మధ్య పక్క తేడా) 0.05 మిల్లీమీటర్ల లోపు తెమ్మను. ఆ తర్వాత పైపు ఫ్లాంజి (పైపుని పంపుకి బోల్టులతో కలిపే అంచు) బిగిస్తూ మళ్లీ డయల్ చూడమను. అప్పుడు ముల్లు కదిలిందంటే పైపు పంపుని లాగుతోందన్నమాట. ఈ లాగుడు వెతక్కుండా, షాఫ్టు దగ్గర కారకుండా ఆపే సీలు మీద సీలు మార్చే చోట్లు ఎన్నో.

పనికి ముందూ తర్వాతా బేరింగు వేడి, వైబ్రేషన్ రాయించు. రిపోర్టు కింద ఆ పిల్లల సంతకమే ఉండాలి, నీది కాదు. నెలకోసారి ప్లాంటు హెడ్డు ముందు పది నిమిషాలు వాళ్లనే చెప్పనియ్యి.

ఇక డబ్బు. అప్రెంటిస్‌గా తీసుకుంటే గ్రాడ్యుయేట్‌కి నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ అని 2019 రూల్స్ పెట్టాయి, ఇప్పుడెంతో చూసుకో. అది కనీసమే, పైన ఇవ్వకూడదని ఎక్కడా లేదు. గది అద్దె, మెస్సు పోగా ఏం మిగులుతుందో నువ్వే లెక్కకట్టి యాజమాన్యానికి చూపించు. శిక్షణ అయ్యాక ఉద్యోగంలోకి తీసుకోవడం మీద యాజమాన్యం సొంత విధానం పెట్టుకోవాలని అప్రెంటిస్ చట్టానికి 2014లో చేసిన సవరణ చెబుతోంది. మీకా కాగితం ఉంటే చేరిన రోజే చదివి వినిపించు, లేకపోతే ముందు రాయించు. ఏడాది తర్వాత ఏమవుతుందో తెలియనివాడు ఆరో నెల నుంచే వేరే దారి వెతుకుతాడు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం దగ్గర పెట్టుకోవద్దు బావా. అలా కట్టేసిన మనిషి మనసుపెట్టి పనిచెయ్యడు. గేట్ పరీక్ష రాస్తామంటే ఫిబ్రవరిలో సెలవియ్యి. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. రేపు సునాబెడాలో విమానం ఇంజన్ల దగ్గరికో దమన్‌జోడి అల్యూమినా ఫ్యాక్టరీకో పోయినా ఇంజినీరుగానే ఉన్నాడు కదా, మనకి కావలసింది అదే.

మీ దగ్గర స్టాండ్‌బై పంపులు ఏమేం ఉన్నాయో, వాటి చివరి వైబ్రేషన్ రీడింగులతో సహా రాసి పంపు. ఎవరికి ఏది ఇవ్వాలో వచ్చే ఆదివారం కూచుని చూద్దాం. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ బావ