ఒకే రికార్డు నాలుగుసార్లు

చిన్నా,

పెట్టెలు రెండూ బుధవారానికల్లా నీకు చేరతాయి. ఒకదాంట్లో ఎల్పీలు, రెండోదాంట్లో సీడీలు. చికాగో ఇంట్లో చోటు లేదంటూనే సగం పంపమన్నావు కాబట్టి సగంలో సగం పంపాను. మిగతావాటితో నాకింకా పనుంది.

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి నవ్వేసి ఊరుకున్నాను. "ఒకే ఆల్బమ్ నాలుగుసార్లు ఎందుకు కొన్నావమ్మా, పాటలు అవేగా?" అన్నావు. మీ నాన్న ఏళ్ళ తరబడి అడుగుతున్నదీ అదే. ఆయనకి చెప్పడం మొదలుపెడితే మధ్యలో టీవీ పెట్టుకుంటారు. నీకు మాత్రం చెప్పాలి. ఇకమీదట డబ్బులు పెట్టి కొనేది నువ్వు గదా.

ఆ నాలుగూ బీచ్ బాయ్స్ బ్యాండ్ వాళ్ళ 'పెట్ సౌండ్స్'. 1966 మేలో క్యాపిటల్ కంపెనీ విడుదల చేసింది. ఆ బ్యాండ్ పెద్ద బ్రయన్ విల్సన్ దాన్ని మోనోలోనే, అంటే శబ్దమంతా ఒకే ధారగా, మిక్స్ చేశాడు. అతనికి కుడిచెవి దాదాపు వినపడేది కాదు. స్టీరియోలో రెండు స్పీకర్ల మధ్య పాట ఎలా పరుచుకుంటుందో అతను మనలాగా వినలేకపోయేవాడు. పైగా ఆ రోజుల్లో కారు రేడియోకీ, పిల్లల గదుల్లో ఉండే చిన్న ప్లేయర్లకీ ఒక్కటే స్పీకరు. తను కుదిర్చిన పాళ్ళు ఎవరింట్లోనైనా అలాగే వినపడాలంటే మోనోయే దారి. అయితే కొట్లో "స్టీరియో" అని రాసి ఉన్నదానికి గిరాకీ ఎక్కువ. అందుకని క్యాపిటల్ వాళ్ళు ఆ మోనోనే తీసుకుని, ఒక పక్క మంద్రం పెంచి, ఇంకో పక్క కీచు పెంచి, దానికి డ్యుయోఫోనిక్ అని పేరుపెట్టి అమ్మారు. నలుపు తెలుపు ఫొటోకి రంగులు పూసినట్టుంటుంది. నేను మొదట కొన్నది అదే, పాత సామాన్లు అమ్మే చోట, చాలా చవగ్గా. అట్ట బాగుందని కొన్నాను. మేకలకి మేత పెడుతున్న ఆ అట్ట నీకూ ఇష్టమే చిన్నప్పుడు.

రెండోది 1990లో వచ్చిన సీడీ. అందులో ఉన్నది అసలు మోనో. రెండూ పక్కపక్కన పెట్టి విన్నరోజున నాకు అర్థమైంది, నేను ఈ ఆల్బమ్‌ని అప్పటిదాకా విననేలేదని. మూడోది 1997 నాటి బాక్స్ సెట్. దాని కథ చెబుతాను, నీకు ఇంజనీరింగ్ ఇష్టం కదా.

బ్రయన్ వాద్యాలన్నీ ముందు నాలుగు ట్రాకుల టేపు మీద పట్టేవాడు. వాటన్నింటినీ కలిపి ఇంకో టేపులో ఒకే ఒక్క ట్రాకుగా దించి, మిగిలిన ట్రాకుల మీద తమ్ముళ్ళ గొంతులు, తన గొంతు పేర్చేవాడు. ఒకసారి అలా కలిపాక డోలు వేరు, వయొలిన్ వేరు చెయ్యడం కుదరదు. ముప్ఫై ఏళ్ళ తరవాత మార్క్ లినెట్ అనే ఇంజనీరు మొదటి వాద్యాల టేపుల్నీ, గొంతుల టేపుల్నీ తీసి, కంప్యూటర్ సాయంతో ఒకదానితో ఒకటి క్షణం తేడా రాకుండా జత చేశాడు. బ్రయన్ పర్యవేక్షణలోనే. అలా ఆ ఆల్బమ్‌కి మొట్టమొదటి నిజమైన స్టీరియో పుట్టింది. అయినా చిన్న లోటు మిగిలింది. మొదటి పాట మధ్య చరణం మోనోలో ఆ బ్యాండ్‌లోని మైక్ లవ్ పాడతాడు. ఆ గొంతు ఉన్న టేపు దొరకలేదు. అందుకని బాక్స్ సెట్‌లో అక్కడ బ్రయన్ గొంతు వస్తుంది. తరవాత 2001 ముద్రణలో మైక్ గొంతు మళ్ళీ చోటు చేసుకుంది. నా నాలుగోది ఆ 2001 సీడీ.

ఇప్పుడు చెప్పు, పాటలు అవేనా?

రీఇష్యూ అంటే పాత సరుకుకి కొత్త అట్ట అనుకుంటారు చాలామంది. కొన్ని అంతే, కాదనను. మంచి రీఇష్యూ వెనక మాత్రం ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఏ టేపు తియ్యాలి, దాన్ని ఎంత కదిలించాలి, ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలి అని నిర్ణయించినవాడు. నేను కొనేది ఆ నిర్ణయాన్ని. నువ్వూ కొనేముందు వెనక అట్ట తిప్పి అతని పేరుందో లేదో చూడు. మాస్టరింగ్, అంటే ముద్రణకి ముందు శబ్దాన్ని చివరిసారి సరిదిద్దడం, చేసినవారి పేరు లేకుండా "రీమాస్టర్డ్" అని మెరిసే స్టిక్కరు ఒక్కటే ఉంటే, దాన్ని అక్కడే పెట్టెయ్యి. ఎల్పీ అయితే చివరి పాట అయిపోయాక లేబుల్ చుట్టూ ఖాళీగా ఉండే చోట దీపం కింద చూడు. గీతల్లా అంకెలుంటాయి, పక్కన ఒక్కోసారి ఆ ప్లేటు కోసినవాళ్ళ, అంటే దాని మీద పాట గాళ్ళు చెక్కిన ఇంజనీర్ల, పొడి అక్షరాలుంటాయి. బర్నీ గ్రండ్‌మన్ పేరుకి 'బీజీ' అని ఉంటుంది. ఆ అక్షరాలు చూసి కొనేవాళ్ళు చాలామంది ఉన్నారు, నాలాంటి పిచ్చివాళ్ళు.

డోర్స్ అనే బ్యాండ్ సంగతి ఇంకా చిత్రం. వాళ్ళ మొదటి ఆల్బమ్ 1967 జనవరిలో వచ్చింది. అందులో 'లైట్ మై ఫైర్' ఏడు నిమిషాల పాట. స్టీరియో ఎల్పీ మీద అది దాదాపు మూడున్నర శాతం నెమ్మదిగా తిరుగుతోందని ముప్ఫై అయిదేళ్ళకు పైగా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. శ్రుతి కూడా ఆ మేరకు కిందకి పోయింది. రేడియోలో వచ్చిన చిన్న రికార్డు సరైన వేగంలోనే ఉంది, అచ్చయిన స్వరాల కాగితాలూ సరిగ్గానే ఉన్నాయి, ఎల్పీ ఒక్కటే తప్పు. యూటాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఒకాయన ఆ తేడా కనిపెట్టి చెప్పాడు. అసలు రికార్డింగు చేసిన ఇంజనీరు బ్రూస్ బాట్నిక్ ఆల్బమ్‌కి నలభై ఏళ్ళు నిండినప్పుడు వేసిన ముద్రణలో దాన్ని సరిచేశాడు. నాకు మాత్రం పాత నెమ్మది పాటే చెవికెక్కిపోయింది. సరైనది వింటుంటే పాడిన జిమ్ మోరిసన్‌కి ఏదో బస్సు తప్పిపోతున్నట్టు అనిపిస్తుంది. రెండూ పంపాను, నువ్వే తేల్చుకో.

బర్డ్స్ బ్యాండ్ సీడీలు కూడా పెట్టాను. 1996 నుంచి కొలంబియా లెగసీ వాళ్ళు వేసిన వరస అది. 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో' 1968లో వచ్చినప్పుడు ఆ బ్యాండ్‌లోని గ్రామ్ పార్సన్స్ పాడిన కొన్ని పాటల మీద వేరే కంపెనీ ఒప్పందం చిక్కు వచ్చి, అతని గొంతు తీసేసి మళ్ళీ పాడించారు. తీసేసిన గొంతు టేపుల్లో అలాగే ఉంది. రీఇష్యూల్లో బయటికొచ్చింది. అతను 1973లోనే పోయాడు, పాపం.

ఇంక బిగ్ స్టార్. ఇవి జాగ్రత్తగా చూసుకో. మెంఫిస్ కుర్రాళ్ళు. 1972లో వాళ్ళ తొలి ఆల్బమ్ వచ్చింది, పేరు 'నంబర్ వన్ రికార్డ్'. పత్రికల్లో సమీక్షలు రాసినవాళ్ళు మెచ్చుకున్నారు, కొనడానికి వెళితే కొట్లో సరుకు లేదు. పంపిణీ అంత అధ్వాన్నం. రెండో ఆల్బమ్‌కీ అదే గతి. వాళ్ళలో పాటలు రాసి పాడిన క్రిస్ బెల్ 1978లో కారు ప్రమాదంలో పోయాడు, ఇరవై ఏడేళ్ళు. 1992లో ఆ రెండు ఆల్బమ్‌లూ కలిపి ఒకే సీడీగా వేశారు. అదే ఏడాది క్రిస్ ఒంటరిగా పాడుకున్న పాటలూ వచ్చాయి. న్యూజెర్సీ ఎడిసన్‌లో కొత్తగా కాపురం పెట్టిన మాలాంటివాళ్ళకి ఆ బ్యాండ్ పేరు వినపడిందంటే ఆ సీడీ పుణ్యమే. బీచ్ బాయ్స్‌ని ఎవరూ రక్షించక్కర్లేదు. ఇలాంటివాళ్ళకి రీఇష్యూ అంటే రెండో పుట్టుక.

నేను అమెరికా భూగోళం నేర్చుకున్నది కూడా ఆ సీడీల్లోని చిన్న పుస్తకాల్లోనే. మజిల్ షోల్స్ అలబామాలో ఉందని, లారెల్ కాన్యన్ అంటే లాస్ ఏంజిలస్ కొండల్లో ఓ వీధుల గుంపు అని, చిత్తడి నేలల పాటలు పాడిన క్రీడెన్స్ వాళ్ళు నిజానికి శాన్‌ఫ్రాన్సిస్కో పక్క ఎల్ సెరిటో పిల్లలని. ఈ పుస్తకాలు బాగా వేసినవాళ్ళలో రైనో వాళ్ళది పెద్ద చెయ్యి. 1973లో లాస్ ఏంజిలస్‌లో ఒక రికార్డుల కొట్టుగా మొదలై, తరవాత కంపెనీ అయ్యారు. మంకీస్ పాటల హక్కులు కొని, అందరూ పిల్లల ఆట అనుకున్న ఆ బ్యాండ్‌ని మర్యాదగా ముద్రించారు. వాళ్ళ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, అందరి మీదా ఉన్నదే: బోనస్ పాటలు. ఆల్బమ్ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగకుండా, వెంటనే అదే పాట సగం పాడిన నమూనా మొదలవుతుంది. నేను లేచి ఆపేస్తాను. రెండో డిస్కులో వేస్తే ఏం పోయిందో.

టేపుల మాట కూడా చెప్పాలి. అరవైల టేపులు చాలావరకు ఇంకా బాగానే తిరుగుతున్నాయి. డెబ్బైల మధ్య నుంచి వచ్చిన కొన్ని రకాల్లో పూతని పట్టి ఉంచే జిగురు గాలిలో తేమ పీల్చి జిడ్డు కక్కుతుంది. మెషిన్ మీద పెడితే పూత ఊడి వచ్చేస్తుంది. అందుకని వాటిని యాభై డిగ్రీల పైన వేడిలో గంటల తరబడి ఉంచి, ఆరబెట్టి, అది మళ్ళీ జిడ్డెక్కేలోపు కాపీ తీసుకుంటారు. ఆ అవకాశమైనా లేనివి 2008 జూన్ 1న యూనివర్సల్ స్టూడియోస్‌లో కాలిపోయాయి. ఆ గోదాములో సినిమాలతో పాటు పాటల మాస్టర్ టేపులు, అంటే మొదటి అసలు టేపులు, కూడా ఉన్నాయని జనానికి వివరంగా తెలిసింది 2019లో, న్యూయార్క్ టైమ్స్ రాశాక. ఎన్ని పోయాయన్నదాని మీద పత్రిక లెక్క వేరు, కంపెనీ లెక్క వేరు. ఒక ముద్రణలో పాట గరుకుగా ఉంటే అన్నిసార్లూ చేసినవాడి చేతగానితనం అనుకోకు. మిగిలింది కాపీకి కాపీయే అయుండొచ్చు.

అలాగని టేపు, టేపు అని జపం చేసేవాళ్ళని కూడా నమ్మకు. పాత ఆల్బమ్‌లు మళ్ళీ వేసే మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ వాళ్ళ ఖరీదైన ఎల్పీలు అసలు టేపు నుంచి నేరుగా కోసినవని, డిజిటల్ అంటని స్వచ్ఛమైన శబ్దమని పొగిడి పొగిడి కొన్నారు జనం. 2022లో మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని బయటపడింది. గొడవ కోర్టుకెక్కి, రెండున్నర కోట్ల డాలర్ల దాకా రాజీకి వచ్చింది. ముందే చెప్పకపోవడం వాళ్ళ తప్పు, అందులో అనుమానం లేదు. కానీ ముందురోజు దాకా స్వర్గం అన్న ప్లేటు తెల్లారేసరికి గిట్టకుండా పోయిందంటే, వాళ్ళు విన్నది చెవులతో కాదని నా ఉద్దేశం.

నీ చెవికి నువ్వే పరీక్ష పెట్టుకో. రెండు ముద్రణలు పోల్చేటప్పుడు శబ్దం సమానం చేసి విను. గట్టిగా మోగేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. తొంభైల చివర నుంచి కంపెనీలు ఆ బలహీనత మీదే బతికాయి. మెల్లని చోటునీ గట్టి చోటునీ ఒకే ఎత్తుకి లాగేశారు. మొదటి పాట హుషారుగా ఉంటుంది, నాలుగో పాటకి తలనొప్పి.

ఇంకోటి, మీ వయసువాళ్ళంతా ఎల్పీల మీద పడ్డారు. 2022లో అమెరికాలో నాలుగు కోట్ల పది లక్షల ఎల్పీలు అమ్ముడైతే సీడీలు మూడు కోట్ల ముప్ఫై లక్షలే. 1987 తరవాత ఎల్పీది పైచెయ్యి అవడం అదే మొదలు. అంటే పాత సీడీల ధర పడిపోయిందని అర్థం. పాత సరుకు కొట్టుకి వెళ్ళు, మన ప్రిన్స్‌టన్ రికార్డ్ ఎక్స్ఛేంజ్ లాంటివి అక్కడా ఉంటాయి. రంగురంగుల ప్లేట్ల కోసం ఏప్రిల్‌లో రికార్డ్ స్టోర్ డే నాడు తెల్లవారుజామున లైనులో నిలబడ్డవాళ్ళని నిలబడనీ. సీల్ తియ్యకుండా దాచుకుని రేపు అమ్ముదామనుకునేవాళ్ళతో పోటీ పడకు. నా దగ్గర సీల్ తియ్యనిది ఒక్కటీ లేదు.

'పెట్ సౌండ్స్' నాలుగింటిలో స్టీరియో బాక్స్ సెట్, 2001 సీడీ నీకు. డ్యుయోఫోనిక్ కూడా పంపాను, అట్ట గోడకి తగిలించుకో. మోనో సీడీ నా దగ్గరే ఉంటుంది. 2025 జూన్‌లో బ్రయన్ పోయిన రోజున నేను పెట్టుకున్నది అదే.

ఎల్పీలని అట్టల్లో పెట్టకుండా, లోపలి కవర్లతో సహా అట్టల వెనక ఆనించి సర్దాను. లోపలే ఉంటే దారిలో కుదుపులకి ప్లేటు అంచు అట్ట కుట్టుని చీల్చేస్తుంది. అన్నీ విప్పి ఏది దేనిలోకో చూసి పెట్టు. నిలబెట్టే ఉంచు, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకు, హీటర్ పక్కన అసలే వద్దు. బర్డ్స్ సీడీల్లో ఒకదాని డబ్బా మూత విరిగింది, మార్చుకో. అందినట్టు ఫోన్ చెయ్యి, తొమ్మిది దాటాక అయితే నేనెత్తుతాను, ముందైతే మీ నాన్న.

అమ్మ