ర్యాంకు జారితే కొత్త పిల్లలదే తప్పా?

సంపాదకులకు,

వర్జీనియాలోని థామస్ జెఫర్సన్ సైన్స్ హైస్కూల్ యూఎస్ న్యూస్ పత్రిక 2024 హైస్కూళ్ల ర్యాంకుల జాబితాలో 14వ స్థానానికి జారగానే, ప్రవేశ పరీక్ష తీసేయడం వల్లే అని మన తెలుగు కుటుంబాల్లోనూ తీర్పులు మొదలయ్యాయి. ఇది పరీక్ష లేకుండా చేరిన పిల్లలకు అన్యాయం. ఆ జాబితా లెక్కించిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి) పరీక్షలు 2021-22లో పన్నెండో తరగతి చదివినవారివి. వాళ్లు పాత పరీక్ష రాసి చేరినవారే.

2020 అక్టోబరులో ప్రవేశ పరీక్షనూ వంద డాలర్ల దరఖాస్తు రుసుమునూ రద్దు చేశారు. ఆ డిసెంబరులో ప్రతి ప్రభుత్వ మిడిల్ స్కూల్‌కూ దాని ఎనిమిదో తరగతి విద్యార్థుల సంఖ్యలో 1.5 శాతానికి సమానమైన సీట్లు కేటాయించారు. తొలి ఏడాదే సీటు పొందినవారిలో పేద కుటుంబాల పిల్లలు ఒక శాతం లోపు నుంచి 25 శాతానికి చేరారు, ఆసియన్లు 73 నుంచి 54 శాతానికి తగ్గారు. మన పిల్లలు ఎక్కువగా చదివే స్కూళ్లలో పోటీ పెరిగిన మాట నిజమే, అక్కడి బాధా నిజమే. తమ స్కూల్ కోటాలో సీటు రానివారంతా మిగిలిన కొద్ది సీట్లకే పోటీపడాలి.

అయినా కొందరు తల్లిదండ్రులు ఇంకా బహుళైచ్ఛిక ప్రశ్నల కోచింగ్‌కే డబ్బు పోస్తున్నారు. ఇప్పుడు చూసేది కనీసం 3.5 జీపీఏ (మార్కుల సగటు), విద్యార్థి తన గురించి రాసే జవాబులు, గణిత-సైన్స్ సమస్యపై వ్యాసం. ఎనిమిదో తరగతికల్లా ఆల్జీబ్రా-1 ఆనర్స్ అనే పైస్థాయి గణిత కోర్సు తీసుకోకపోతే దరఖాస్తుకే అర్హత ఉండదు. దానికి ఏడో తరగతిలోనే కోర్సు ఎంచుకోవాలి.

— ఒక పాఠకురాలు, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ