కర్నూలు సర్క్యులర్‌ను మా పిల్లల చేతికివ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కర్నూలు జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. మంత్రికి ఉత్తరం రాయడం నాకిదే మొదటిసారి. మా ఊరి పేరు మీద ఉన్న 1942 నాటి కాంగ్రెస్ ఉత్తర్వు ఒకటి, అది వచ్చే మా పిల్లల నాటిక ఒకటి, ఈ రెండింటి గురించే ఈ ఉత్తరం. నలుగురూ చదివేలా ఎందుకు రాస్తున్నానంటే, ఇది మా ఒక్క బడి గొడవ అని నేను అనుకోవడం లేదు.

మా తొమ్మిదో తరగతి పిల్లలు ఒక నాటిక రాశారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1942 ఆగస్టులో, క్విట్ ఇండియా ఉద్యమం రోజుల్లో, కర్నూల్లో ఒక రహస్య సంస్థ పనిచేస్తుంటుంది. పోలీసుల కదలికలు కనిపెట్టి కబురందించడం, అవసరమైతే తంతి (టెలిగ్రాఫ్) తీగలు తెంపడం దాని పని. కొండారెడ్డి బురుజు దగ్గర కలుసుకుంటారు కాబట్టి పిల్లలు దానికి 'బురుజు దళం' అని పేరు పెట్టుకున్నారు. అలాంటి దళం చరిత్రలో లేదు. ఆ మాట తెర లేవగానే ఒక అమ్మాయి వచ్చి చెబుతుంది కూడా.

దళం కల్పనే గానీ ఊరు నిజం, నది నిజం. అప్పట్లో తుంగభద్రకు ఇవతలి గట్టు ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలోని మద్రాసు రాష్ట్రం. అవతల అలంపురం వైపు నిజాం రాజ్యం. పోలీసులు వెంటపడితే దళంలోని కుర్రాడు రాత్రికి రాత్రి పుట్టిలో నది దాటాలి. ఆగస్టు నెల, ఎర్రనీళ్లు, ఉరవడి. ఈ ఒక్క సీన్ కోసం పిల్లలు ఊర్లో ఒక పెద్ద వెదురు గంప అడిగి తెచ్చుకుని, దానికి యూరియా బస్తాలు కుట్టి పుట్టి చేశారు. బట్టల క్లిప్పుకి రెండు డ్రాయింగ్ పిన్నులు గుచ్చి, టార్చిలైటు బ్యాటరీ, చిన్న బజర్ కలిపి తంతి మీట చేశారు. దాని మీద కర్నూలు అని మోర్స్‌లో, అంటే చుక్కలు, గీతల తంతి భాషలో, కొట్టడం మా క్లాసులో ఇప్పుడు పద్దెనిమిది మందికి వచ్చు.

ఈ నాటికను ఒక పోటీకి పంపించాం. అది ఏ పోటీ, పరిశీలించినవాళ్లు ఎవరు అనేది ఇక్కడ రాయను. వాళ్ల మీద ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు. స్క్రిప్టు తిరిగొచ్చింది. నాలుగో సీన్ మొత్తానికి అడ్డంగా ఎర్ర ఇంకుతో గీత కొట్టి, పక్కన 'విధ్వంసం నేర్పుతోంది, తొలగించాలి' అని రాశారు.

సార్, ఆ నాలుగో సీన్ ఏమిటో మీరు వినాలి. రాత్రి. రైలు కట్ట పక్కన ముగ్గురు పిల్లలు. ఒకడి చేతిలో కటింగ్ ప్లేయర్. స్తంభం ఎక్కి తీగ తెంపుతాడు, దిగుతాడు. రెండోవాడు పట్టా మీద చెయ్యి పెట్టి, "అన్నా, ఎట్లాగూ వచ్చినాం, దీని బోల్టులు గూడా ఊడదీస్తే పోదా?" అంటాడు. దూరంగా బండి కూత. పెద్దవాడు చొక్కా లోపలి నుంచి మడత పెట్టిన కాగితం తీస్తాడు. లాంతరు దగ్గరికి పట్టుకుని చదువుతాడు. పట్టాలు తీయకూడదు, బండి దారికి అడ్డం పెట్టకూడదు, ప్రాణానికి ముప్పు రాకూడదు. "బండిలో ఉండేది మనోళ్లే కదరా" అంటాడు. రెండోవాడు పట్టా మీద నుంచి చెయ్యి తీసేస్తాడు. సీన్ అంతే. విధ్వంసం నేర్పుతోందని కొట్టేసింది దీన్ని.

ఆ కాగితం మాత్రం పిల్లల కల్పన కాదు. 1942 జులై 29 తేదీతో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ పేరు మీద జిల్లా కమిటీలకు వెళ్లిన ఉత్తర్వు అది. చరిత్రలో కర్నూలు సర్క్యులర్ అని పేరుపడింది. రాసింది అప్పటి కార్యదర్శి కళా వెంకటరావు గారు. అందులో శాసనోల్లంఘన మెట్లు మెట్లుగా ఉంటుంది. నిషేధాజ్ఞలు ధిక్కరించడం, లాయర్లు ప్రాక్టీసు మానుకోవడం, విద్యార్థులు కాలేజీలు వదలడం, గొలుసు లాగి బండ్లు ఆపడం, టికెట్ లేకుండా ప్రయాణించడం, తంతి, టెలిఫోన్ తీగలు తెంపడం. వాటి కిందనే పట్టాల జోలికి పోవద్దన్న హెచ్చరిక. గాంధీ గారు నిర్ణయం చెప్పేదాకా సిద్ధంగా ఉండండి, అంతేగానీ ఏ పనీ మొదలుపెట్టవద్దని కూడా గట్టిగా రాశారు.

మా ఊరి పేరు మోస్తున్న ఈ కాగితం గురించి, ఈ నాటిక పని మొదలయ్యేదాకా, మా పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. నిజం చెప్పాలంటే డిగ్రీలో చరిత్ర చదివిన నాకు కూడా ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు తెలిసింది. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. పిల్లలకు గూఢచారులంటే ఇష్టం. రహస్య ఏజెంట్లు, కోడ్ పేర్లు, సూట్‌కేసులో వైర్‌లెస్ సెట్లు, ఇవన్నీ ఫోన్లలో చూస్తూనే ఉంటారు. అవన్నీ ఎక్కడో లండన్‌లోనో బెర్లిన్‌లోనో జరగాలని వాళ్ల లెక్క. హంద్రీ ఒడ్డున కూడా జరిగి ఉండొచ్చు అని చెబితే, క్లాసులో చివరి బెంచీ కూడా నిటారుగా కూర్చుంది.

ఇంకో సంగతి చెప్పాలి. 1940 జులైలో బ్రిటిష్ ప్రభుత్వం స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్ అని ఒక రహస్య సంస్థ పెట్టింది. జర్మనీ ఆక్రమించిన దేశాల్లోకి మనుషులను దించి గూఢచర్యం చేయించడం, వంతెనలు, ఫ్యాక్టరీలు, రైలు మార్గాలు పాడుచేయించడం దాని పని. యూరప్‌కు నిప్పు పెట్టమన్నాడు చర్చిల్. 1943 ఫిబ్రవరి చివర్లో ఆ సంస్థ శిక్షణ ఇచ్చిన నార్వే యువకులు వెమోర్క్‌లో, జర్మనీ అణు పరిశోధనకు కావలసిన భారజలం తయారుచేసే ప్లాంటులోకి రాత్రిపూట దూరి, ఒక్క తూటా కూడా పేల్చకుండా అక్కడి పరికరాలను పేల్చేసి బయటపడ్డారు. వాళ్లను ప్రపంచం వీరులంది. సరైన మాటే. అదే ఫిబ్రవరిలో, అదే బ్రిటిష్ ప్రభుత్వం ఢిల్లీలో ఒక పుస్తకం అచ్చు వేసింది, 1942 అల్లర్లకు కాంగ్రెస్సే బాధ్యురాలని. ఆ ఆరోపణకు సాక్ష్యంగా చూపిన కాగితాల్లో మన సర్క్యులర్ ఒకటి. గాంధీ గారు ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధంలో ఉండి ఆ పుస్తకానికి పెద్ద జవాబు రాస్తూ ఈ సర్క్యులర్ గురించి కూడా చర్చించారు. తీగ తెంపితే అక్కడ వీరుడు, ఇక్కడ నేరస్థుడు. ఇది పిల్లలకు నేను చెప్పలేదు. రెండు తేదీలు బోర్డు మీద పక్కపక్కన రాశాను. వాళ్లే అడిగారు.

ఆ బ్రిటిష్ రహస్య సంస్థలోనే మన మైసూరు టిప్పు సుల్తాన్ వంశంలో పుట్టిన నూర్ ఇనాయత్ ఖాన్ ఉంది. 1943 జూన్‌లో ఫ్రాన్స్‌లో దిగింది. పారిస్‌లో వైర్‌లెస్ ఆపరేటర్. అక్టోబర్‌లో దొరికిపోయింది, 1944 సెప్టెంబర్ 13న దాచౌ నాజీ నిర్బంధ శిబిరంలో చంపేశారు. ఇక్కడ బొంబాయిలో, ఉషా మెహతా 1942 ఆగస్టు 27 నుంచి నవంబర్ 12 దాకా చోటు మార్చుకుంటూ రహస్య కాంగ్రెస్ రేడియో నడిపింది. మా నాటికలో తంతి మీట కొట్టే అమ్మాయి పాత్ర ఈ ఇద్దరి గురించి విన్నాక పుట్టింది. దాన్ని వేసే పిల్ల క్లాసులో నోరు విప్పేది కాదు. ఇప్పుడు రిహార్సల్‌కి అందరికంటే ముందు వచ్చి కూర్చుంటోంది.

దళం చేసిందంతా ఒప్పేనని మా నాటిక చెప్పడం లేదు. ఆ సర్క్యులర్‌లోనే ఇంకో మాట ఉంది. ఏ పని చేసినా బాహాటంగా చేయాలి, చాటుగా వద్దు అని. చాటుగా పనిచేసే దళం చేతికి, చాటు వద్దని చెప్పే కాగితం వచ్చింది. పిల్లలు దీని మీద మూడు పీరియడ్లు కొట్టుకున్నారు. పట్టుబడితే దళమే పోతుంది కదా అని కొందరు, చెప్పింది వినకపోతే దళం ఎందుకని కొందరు. గాంధీ గారు 1944లో విడుదలయ్యాక అజ్ఞాతంలో ఉన్న ఉద్యమ నాయకురాలు అరుణా అసఫ్ అలీని బయటికి రమ్మన్నారని నేను చెబితే వాదన ఇంకా పెరిగింది. చివరికి ఐదో సీన్‌లో పెద్దవాడు తానే పోలీస్ స్టేషన్‌కి నడిచి వెళ్లి, తీగ తెంపింది నేనే అని చెప్పేలా రాసుకున్నారు. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు, సార్. నాలుగో సీన్ తీసేస్తే ఆ ఐదో సీన్‌కి అర్థమే ఉండదు.

మిమ్మల్ని నేను అడిగేది పెద్ద బడ్జెట్ పని కాదు. కర్నూలు సర్క్యులర్ పూర్తి పాఠం, దాని మీద అప్పటి ప్రభుత్వం చేసిన ఆరోపణ, గాంధీ గారి జవాబు, ఈ మూడూ మంచి తెలుగులో ఒక చిన్న పుస్తకంగా వేయించండి. అప్పటి మద్రాసు ప్రభుత్వ రికార్డులు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లో ఉంటాయి. రాయలసీమ నాలుగు మూలల్లో 1942లో ఏం జరిగిందో అక్కడి కాగితాల్లోంచి కాపీలు తెప్పించండి. మా పిల్లలు అంత దూరం పోలేరు. కర్నూలు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో వాటికి ఒక బీరువా చాలు. గ్రంథాలయోద్యమానికి జీవితం ఇచ్చిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు పుట్టిన ఊరు ఇది. 1908లో పత్రికలో రాసిన రాతకు జైలుకు వెళ్లిన మనిషి ఆయన. ఆయన ఊర్లో ఆ బీరువా లేకపోవడం నాకు సిగ్గుగా ఉంది.

పిల్లల నాటికల విషయంలో ఒక్క కోరిక. కొట్టేసే ముందు రాసిన పిల్లలను పిలిచి, ఈ సీన్ ఎందుకు పెట్టారని ఒక్కసారి అడగాలని రూలు పెట్టించండి. మా వాళ్లను ఎవరూ అడగలేదు. స్క్రిప్టు వెనక్కొచ్చిన రోజు కటింగ్ ప్లేయర్ పట్టుకునే అబ్బాయి నా దగ్గరికొచ్చి, "మేడమ్, మేం తప్పు రాసినామా?" అన్నాడు. వాళ్ల నాన్న కరెంటు పని చేస్తాడు. ఆ ప్లేయర్ ఆయనదే, పిడికి నల్ల టేపు చుట్టి ఉంటుంది. నాటిక అయిపోయాక తిరిగి ఇచ్చేస్తానని తెచ్చాడు. వారం రోజులుగా అది నా బీరువాలోనే ఉంది. తీసుకుపోరా అంటే, ఇంకా అయిపోలేదు కదా మేడమ్ అంటున్నాడు.

పోటీ సంగతి ఎలా ఉన్నా, ఆగస్టు 9న సాయంత్రం నాలుగింటికి మా బడి వరండాలో నాటిక వేస్తున్నాం. ఐదు సీన్లూ ఉంటాయి. మీరు కర్నూలు వైపు వస్తే తప్పకుండా రండి. నలభై నిమిషాలు పడుతుంది.

ఇట్లు,
కర్నూలు జిల్లా నుంచి ఒక సోషల్ టీచర్