పోలీస్ తొలి ఆల్బమ్‌: విమర్శ పాటల మీదా, మనుషుల మీదా?

ఎడిటర్ గారికి నమస్కారం.

బ్రిటిష్ రాక్ బ్యాండ్ ది పోలీస్ తొలి ఆల్బమ్ 'అవుట్‌లాండోస్ డామూర్' గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం 'విమర్శకులు కొట్టిపారేశారు, జనం నెత్తిన పెట్టుకున్నారు' అని తేల్చేసింది. ఆ రెండు మాటలూ సగం సగమే నిజం.

1978 నవంబరులో ఆ రికార్డు వచ్చేనాటికి సమీక్షకులకు ముందు అనుమానం మనుషుల మీద. నిన్నగాక మొన్న గిటార్ పట్టిన కుర్రాళ్లదే పంక్ (ముతకగా, వేగంగా వాయించే రాక్) అని నమ్ముతున్న రోజులవి. ఇక్కడేమో డ్రమ్మర్ స్టివార్ట్ కోప్‌లాండ్ ప్రోగ్రెసివ్ రాక్ (సంక్లిష్టంగా అల్లిన రాక్) బ్యాండ్ కర్వ్‌డ్ ఎయిర్ నుంచి వచ్చాడు. గాయకుడు, బేస్ వాయించే స్టింగ్ న్యూకాజిల్‌లో జాజ్ వాయించినవాడు. గిటారిస్టు ఆండీ సమ్మర్స్‌కు అప్పటికే 35 ఏళ్లు. చూయింగ్ గమ్ ప్రకటన కోసం ముగ్గురూ జుట్టుకు బంగారు రంగు వేయించుకోవడంతో ఆ అనుమానం ఇంకా బలపడింది. కానీ రికార్డు తయారైన తీరు చూడండి: దాదాపు 1,500 పౌండ్ల అప్పు, ఇంగ్లండ్‌లోని లెదర్‌హెడ్‌లో ఒక డాక్టరు నడిపే చిన్న స్టూడియో, అక్కడ ఖాళీ దొరికినప్పుడల్లా ఆర్నెల్లపాటు ముక్కలు ముక్కలుగా రికార్డింగ్. ఇంతకన్నా పంక్ పద్ధతి ఏముంటుంది?

లోపాలు లేవని అనను. 'బీ మై గర్ల్ - శాలీ' మధ్యలో వచ్చే మాటల ముక్క రెండోసారి వినబుద్ధి కాదు. 'బోర్న్ ఇన్ ద ఫిఫ్టీస్' సాహిత్యం పేలవం. అయితే అసలు పనితనం 'సో లోన్లీ'లో ఉంది. చరణంలో రెగే అనే జమైకా సంగీతం, పల్లవికి రాగానే సూటిగా పరిగెత్తే రాక్. మామూలు పంక్‌లో గిటార్, బేస్, డ్రమ్స్ మూడూ కలిసి ప్రతి దెబ్బనూ నింపేస్తాయి. ఇక్కడ చరణంలో బేస్ కొన్ని స్వరాలు వేసి ఆగుతుంది, గిటార్ దెబ్బకూ దెబ్బకూ మధ్య పడుతుంది, ఆ ఖాళీలో హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) వినిపిస్తుంది. అంత ఖాళీ వదిలారు కాబట్టే పల్లవి మన మీద పడినట్టు వస్తుంది. ఇది చేయి తిరిగినవాళ్ల పని. వాళ్ల పాత అనుభవాన్ని తప్పు కింద లెక్కేసిన సమీక్షకులు అదే అనుభవం పాటలో చేసిన పనిని వినలేదు.

ఇక జనం సంగతి. 1978 ఏప్రిల్‌లో 'రాక్సాన్' సింగిల్ (విడిగా అమ్మే పాట రికార్డు) బ్రిటన్ అమ్మకాల చార్టుకే ఎక్కలేదు. పడుపువృత్తి చేసే స్త్రీని ఉద్దేశించిన పాట రేడియోలో పెద్దగా వినిపించలేదు. 'కాంట్ స్టాండ్ లూజింగ్ యూ' కవర్ మీది ఉరితాడు ఫోటో బీబీసీకి మింగుడుపడలేదు. ఆ సింగిల్ 42వ స్థానం దగ్గర ఆగింది. అమెరికన్ రేడియో 'రాక్సాన్'ను అందుకున్నాకే 1979లో రెండింటినీ మళ్లీ విడుదల చేశారు. అవి వరుసగా 12, 2 స్థానాలకు చేరాయి, ఆల్బమ్ 6కు. అంటే మొదటి ఏడాది జనం నెత్తిన పెట్టుకోవడానికి పాట వాళ్ల చెవిన పడితే కదా!

2003లో అమెరికన్ సంగీత పత్రిక రోలింగ్ స్టోన్ 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో దీనికి 434వ స్థానం ఇచ్చింది. మీ వ్యాసకర్త దాన్ని విమర్శకుల పశ్చాత్తాపం అన్నారు. పశ్చాత్తాపం కాదు, 1978 తగువులు సద్దుమణిగాక విమర్శకులు పాటలు విన్నారు, అంతే.

- ఒక పాఠకుడు