కొరియా సీరియల్ మీద ఆ రాత ఏమిటి?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో కొరియా ధారావాహిక 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యు' మీద వచ్చిన అరపేజీ వ్యాసం గురించి ఎవరైనా రాస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఎవరూ రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

ఆ వ్యాసంలో కథానాయకుడు దక్షిణ కొరియా సైనికాధికారి అని ఉంది. అతను ఉత్తర కొరియా కెప్టెన్. అది చిన్న పొరపాటు కాదు. అతను దక్షిణాది వాడే అయితే ఇక ఈ కథే లేదు. సోల్‌లో ఫ్యాషన్ వ్యాపారం నడిపే యూన్ సె-రి పారాగ్లైడింగ్ చేస్తూ సుడిగాలిలో చిక్కుకుని సరిహద్దుకు అవతల చెట్టు మీద పడుతుంది. అక్కడ కాపలా కాస్తున్న రి జంగ్-హ్యొక్ ఆమెను పట్టివ్వకుండా తన ఇంట్లో దాచిపెడతాడు. మొదటి భాగంలో సగం చూసినవాళ్లకైనా ఇది తెలుస్తుంది. చూడకుండా రాశారని అనడానికి నాకు ఇంతకన్నా ఏం కావాలి?

సరే, తప్పు జరిగింది. మరుసటి వారం సవరణ వేయవచ్చు కదా! వేయలేదు. వ్యాసం నిండా నాయకానాయికలుగా నటించిన హ్యున్ బిన్, సన్ యె-జిన్‌ల పెళ్లి ముచ్చట్లే. వాళ్లు 2022 మార్చిలో నిజంగానే పెళ్లి చేసుకున్నారు, సంతోషం. కానీ ఈ సీరియల్ రాసిన పార్క్ జి-ఉన్ పేరు ఒక్కచోటైనా లేదు. దర్శకుడు లీ జంగ్-హ్యొ పేరూ లేదు. 2019 డిసెంబరు 14న టీవీఎన్ ఛానల్‌లో మొదలైనప్పుడు 6 శాతం ఉన్న రేటింగు 2020 ఫిబ్రవరి 16న ముగిసేనాటికి 21.7 శాతానికి ఎగబాకింది. అప్పటికి ఆ ఛానల్ చరిత్రలో అదే రికార్డు. 2024లో దాన్ని దాటినది కూడా పార్క్ జి-ఉన్ రాసిన ఇంకో సీరియలే. అలాంటి మనిషి పేరు రాయకుండా సీరియల్ గురించి అరపేజీ ఎలా నింపారో నాకు అంతుపట్టలేదు.

కుర్రకారును పిచ్చెక్కిస్తున్న మరో ప్రేమకథ అని తేల్చేశారు. ఈ సీరియల్ బలం అసలు ఆ ప్రేమకథలో లేదు. సరిహద్దు పక్కనున్న ఆ ఊళ్లో ఉంది. గోతిలో పాతిన జాడీల్లో కిమ్చీ పచ్చడి, ఉప్పులో ఊరవేసిన మాంసం, వేళాపాళా లేకుండా పోయే కరెంటు, రాత్రి పూట ఇల్లిల్లూ తిరిగి కొత్తవాళ్లెవరైనా ఉన్నారేమోనని చేసే తనిఖీలు, సంతలో బల్ల కింద దాచి అమ్మే దక్షిణాది సబ్బులూ క్రీములూ. ఉత్తర కొరియా నుంచి తప్పించుకుని వచ్చిన క్వాక్ మున్-వాన్ రచనలో పాలుపంచుకున్నారు కాబట్టే ఆ ఊరు గీసిన బొమ్మలా కాక మనుషులు తిరిగే ఊరులా ఉంది. రాజధాని ప్యాంగ్యాంగ్ వెళ్లే రైలు కరెంటు లేక పొలాల మధ్య ఆగిపోయే ఘట్టం చూడండి. ప్రయాణికులు ఒక్కరూ కంగారుపడరు. దిగి మంటలు వేసుకుంటారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తిండీ దుప్పట్లూ మోసుకుని పరుగెత్తుకొస్తారు. ఆ దేశం ఎలా బతుకుతోందో చెప్పడానికి ఒక్క ఉపన్యాసం అవసరం లేకుండా పోయింది. ఆ రైలు దృశ్యాలు తీసింది మంగోలియాలో.

ఇక ఆ ఊరి ఆడవాళ్లు! పెద్ద అధికారి భార్య మా యంగ్-ఎ, వీధి పెద్దగా పెత్తనం చేసే నా వొల్-సుక్, జుట్టు కత్తిరించే ఆవిడ, మన్-బొక్ (ఇరుగుపొరుగు మాటలు దొంగచాటుగా వినే ఉద్యోగి) భార్య. మొదట సె-రిని అనుమానంగా చూసినవాళ్లే తర్వాత ఆమెకు అండగా నిలుస్తారు. వంటింటి రాజకీయం, భర్తల హోదాను బట్టి మారే మర్యాదలు, ఒకరికి కష్టం వస్తే తలా ఒక గిన్నె పట్టుకుని రావడం, ఇవన్నీ మన కాలనీల్లో మనం రోజూ చూసేవే. ఈ నలుగురు నటీమణులు లేకపోతే నేను నాలుగో భాగం దగ్గరే ఆపేసేదాన్ని. మీ వ్యాసంలో వాళ్ల ఊసే లేదు.

ప్రేమ విషయానికొస్తే, అది కూడా ఊరి లేమిలోంచి పుట్టింది కాబట్టే నిలబడింది. సువాసన కొవ్వొత్తి కావాలని ఆమె అడిగితే అతను మామూలు కొవ్వొత్తులు తెస్తాడు. అలాంటివి ఉంటాయని కూడా అతనికి తెలియదు. తర్వాత ఒక రోజు సంతలో ఆమె దారి తప్పుతుంది. చీకటి పడుతుంది. జనం తోసుకుంటూ పోతుంటారు. ఆ తలల మీదుగా చిన్న వెలుగు పైకి లేస్తుంది. అతను కొవ్వొత్తిని చేయెత్తి పట్టుకుని నిలబడి ఉంటాడు. ఈసారి తెచ్చింది సువాసన వచ్చేదే కదా అని అడుగుతాడు. అంతే. ఇలాంటి సన్నివేశం రాయడానికి ఎంత ఓపిక, ఎంత అదుపు కావాలో మన టీవీ రచయితలను కూర్చోబెట్టి చూపించాలి.

మెచ్చుకోళ్ల కోసమే ఈ ఉత్తరం రాయడం లేదు. లోపాలు చెప్పడంలోనూ మీ పత్రిక పాఠకుడికి అన్యాయం చేసింది. కథ సోల్‌కు చేరాక సీరియల్ జారిపోయింది. కెప్టెన్‌ను వెతుక్కుంటూ అతని సైనికులు నలుగురూ, మన్-బొక్కూ దక్షిణాదికి వస్తారు. మొదట కడుపుబ్బా నవ్వాను. ఆ తర్వాత కోడివేపుడు దుకాణం, మళ్లీ కోడివేపుడు, తినుబండారాలు, సౌందర్య సాధనాలు. సన్నివేశం ఎక్కడ ఆగి ప్రకటన ఎక్కడ మొదలైందో తెలియదు. సీరియల్ మధ్యలో ఇలా సరుకులు చూపించి ప్రచారం చేయడానికి దక్షిణ కొరియాలో 2010 నుంచి చట్టం అనుమతిస్తోంది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన కథను అంగడిలో పెట్టాలా? విలన్ జో చొల్-గాంగ్ సరిహద్దు దాటి వచ్చి తుపాకీ కాల్పులు మొదలుపెట్టేసరికి అది ఇంకేదో సీరియల్ అయిపోయింది. పైగా ఆస్తి కోసం అన్నలూ వదినలూ పన్నే కుట్రలు. ఇవి చూడటానికి మనకు కొరియా దాకా పోవలసిన పని లేదు.

యాదృచ్ఛికాలు మరీ మితిమీరాయి. ఏళ్ల క్రితం స్విట్జర్లాండ్‌లో సరస్సు ఒడ్డున అతను వాయించిన పియానో ఆమె విన్నదట. చనిపోవాలని ఆమె నిలబడిన వంతెన మీద అతనూ ఉన్నాడట, అతనికి నిశ్చయమైన పిల్ల సొ దాన్ కూడా అక్కడే ఉందట. ఒకటైతే ఒప్పుకుంటాం. కథ బిగువు తగ్గినప్పుడల్లా స్విట్జర్లాండ్‌కు పరుగెత్తితే నమ్మకం పోతుంది. 16 భాగాల్లో ఒక్కొక్కటీ గంటకు పైనే. ఆఖరిది గంటన్నర కూడా దాటుతుంది. పన్నెండు భాగాల్లో చెప్పగలిగిన కథ ఇది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన లోపం వేరు. ముగింపులో ఆ జంట ఏడాదికి రెండు వారాలు స్విట్జర్లాండ్‌లో కలుసుకోగలుగుతుంది. ఎలా? అతని తండ్రి సైన్యంలో అత్యున్నత స్థాయి రాజకీయ అధికారి. కొడుకు సైన్యం వదిలి పియానో వాయించుకోగలడు, విదేశాలకూ వెళ్లగలడు. మరి పై అధికారి బెదిరింపులకు లొంగి ఏళ్ల తరబడి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఇరుగుపొరుగు మాటలు విన్న మన్-బొక్‌కు ఆ దారి ఉందా? సీరియల్ ఈ ప్రశ్న దగ్గరకు వచ్చి తల తిప్పుకుంది. సైనికుడు కిమ్ జు-మక్ కాపలా గదిలో దొంగతనంగా దక్షిణాది సీరియళ్లు చూస్తాడు. అందరం నవ్వుతాం. ఈ సీరియల్ ముగిసిన ఏడాదే డిసెంబరులో ఉత్తర కొరియా తెచ్చిన చట్టం ప్రకారం అలా చూసినవాడికి 15 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు, పంచినవాడికి మరణశిక్ష కూడా పడవచ్చు. ఇది తెలిశాక ఆ నవ్వు నవ్వులా ఉండదు. దీని గురించి ఒక్క వాక్యం రాయడం మీ పత్రిక బాధ్యత కాదా?

అక్కడి పెద్దలు కూడా ఏమీ తక్కువ తినలేదు. ఉత్తర కొరియాను పొగుడుతున్నారంటూ 2020 జనవరిలో దక్షిణాదిలోని ఒక చిన్న క్రైస్తవ రాజకీయ పార్టీ జాతీయ భద్రతా చట్టం కింద పోలీసులకు ఫిర్యాదు చేసింది. మార్చిలో ఉత్తరాది ప్రచార వెబ్‌సైటు తమను అవమానించే సినిమాలూ సీరియళ్లూ తీస్తున్నారని విరుచుకుపడింది. రెండు వైపులా ఒకే సీరియల్ మీద మండిపడ్డారంటే అందులో చర్చించవలసిన విషయం ఉందనే కదా! ఆ చర్చ తెలుగులో ఎవరు చేస్తారు?

అదే అనుబంధం చివరి పేజీలో స్విట్జర్లాండ్‌లోని ఇజెల్ట్‌వాల్డ్ గ్రామపు పడవల రేవు ఫోటో వేసి, తప్పక వెళ్లిరావాలని సలహా ఇచ్చారు. నాలుగు వందల పైచిలుకు జనం ఉండే ఊరు అది. పియానో సన్నివేశం అక్కడ తీశారు కాబట్టి బస్సులకు బస్సులు వచ్చి పడుతుంటే తట్టుకోలేక, 2023లో రేవు ముందు గేటు పెట్టి మనిషికి 5 ఫ్రాంకులు వసూలు చేయడం మొదలుపెట్టారు. ఆ ఊరివాళ్ల ఇబ్బంది రాయకుండా ఇంకా జనాన్ని ఎగదోయడం పత్రిక చేయవలసిన పనేనా?

సినిమా విడుదలైన రోజు మధ్యాహ్నానికల్లా సమీక్షలు వచ్చిపడతాయి. కోట్ల ఇళ్లలో ప్రతి సాయంత్రం నడిచే టీవీ సీరియళ్లకు మాత్రం విమర్శ అన్నదే లేదు. మన సీరియళ్లు ఏళ్ల తరబడి సాగుతాయి. చనిపోయిన పాత్ర తిరిగొస్తుంది, నటులు మారిపోతారు, కథ ఎటు పోతోందో రాసేవారికీ తెలియదు. ఒక్క పత్రికైనా ఇదేమిటని అడిగిందా? శని, ఆదివారాల్లో రోజుకొక భాగం వేసి రెండు నెలల్లో కథ ముగించే పద్ధతి ఒకటి ఉందని మన ఛానళ్లకు చెప్పవలసింది విమర్శకులే. ఆ విమర్శకులను తయారు చేయవలసింది పత్రికలు. మీరేమో తారల పెళ్లి ఫోటోలతో సరిపెడుతున్నారు.

కథానాయకుడి విషయంలో సవరణ వేయండి. రచయిత్రి పేరు అచ్చు వేయండి. ఆ అరపేజీలో వారానికి ఒక్కసారైనా టీవీ కార్యక్రమాల మీద నిజమైన విమర్శకు చోటివ్వండి. రాసేవారు ఆ కార్యక్రమాన్ని మొదటి నుంచి చివరి దాకా చూసి రాయాలని షరతు పెట్టండి.

— ఒక పాఠకురాలు, తెనాలి